ఆ పొద్దటి పాలు, మళ్లొక్కసారి

నడువు, మెల్లగ నడువు, ఆ పొద్దుగాల ఎట్ల నడిచినవో గట్లనే నడువు అనుకుంట బటన్ నొక్కిన. లాప్‌టాప్ పక్కనున్న చిన్న డబ్బా మీద పచ్చలైటు ఒకసారి మినుకుమన్నది, ఆగింది, మళ్ల మినుకుమన్నది. బల్లకు ఆ చివర పెట్టిన పాత కంప్యూటర్ తెర మీద మొదటి పేరు పడ్డది. సరోజన. పేరు పక్కన పాలెన్ని, చిక్కదనం ఎంత, నీళ్లు కలిసినయా లేదా. సరోజనది ఒక్క ఆవు, పల్చటి పాలు, ఎంత పల్చగుండాల్నో అంతే చూపిస్తుంది, హమ్మయ్య, ఈసారి సరిగ్గ నడుస్తున్నట్టుంది. ఇగ రెండో పేరు ఎప్పుడు రావాల్నో అప్పుడే వస్తది, నేను తొందరపడితే రాదు. సూర్యాపేట పాల సెంటర్ల పాలు చల్లబరిచే మిషన్ల మోత గోడ అవతలికెల్లి వస్తుంది. ఆ మోతల కూసొని, మొన్నటి పొద్దును మొన్న ఎంతసేపు పట్టిందో అంతసేపు మళ్ల చూడాలె. కిటికీ బయట అత్తమ్మ నవ్వుతుంది. రెండు దినాల సంది నవ్వని మనిషి. ఫోన్ల ఊర్ల ఎవరికో చెప్తుంది, "మా స్రవంతి పట్టుకున్నదే, నావి కావు నీళ్లు, నా వెనక నిలబడ్డ నాంచారమ్మయి. మిషను ఆమె నీళ్లు తెచ్చి నా పేరు మీద రాసిందంట." ఆ నవ్వు నేనే తెప్పిచ్చిన. ఇందాక ఈ కిటికీలకెల్లే "దొరికింది అత్తమ్మా" అని నేనే అరిచిన. ఆ ఒక్కమాట గొంతుల ఆపుకుంటే ఏం పోయేది నాకు.

మా ఊరు పెన్‌పహాడ్ దిక్కు. ఆడోళ్లంత కలిసి పెట్టుకున్న పాలసంఘం ఉన్నది మా ఊర్ల, దానికి మా అత్తమ్మ రేణుకమ్మ పెద్ద. పొద్దుగాల క్యాన్లు పట్టుకొని వస్తరు, ఒక్కొక్కరు కార్డు పెడ్తరు, మిషన్ గిన్నెల జరన్ని పాలు పోస్తరు, మిషన్ ఆ పాల గుట్టంత విప్పి తీగ మీద సూర్యాపేటకు చెప్తది, ఈడ కంప్యూటర్ల పేరు మీద పడ్తది, ఈడ పడ్డదే మళ్ల ఊర్ల తెర మీద కనబడ్తది. ఆ తీగల బాగోగులు చూసేదే నా నౌకరి. ఎవరన్న నీళ్లు కలిపితే వారం దినాలు వాళ్ల క్యాన్ ముట్టొద్దని నియమం పెట్టిందే అత్తమ్మ. "పాలు పిల్లలు తాగుతరే, దాంట్ల అబద్ధం పోస్తరా" అని మీటింగుల లేసి నిలబడి అన్నది, అప్పుడు అందరు చప్పట్లు కొట్టిన్రు. మొన్న ఆమె వంతు వచ్చినప్పుడు ఊర్ల సెంటర్ నడిపే వందన తెర దిక్కు చూసి, మళ్ల చూసి, గొంతు తగ్గించి "చిన్నమ్మా, నీళ్లున్నయంటుంది" అన్నదంట. చిన్నగ అంటే మాత్రం ఏమైతది, వెనక నిలబడ్డోళ్లకు చెవులు లెవ్వా. అత్తమ్మ క్యాన్ మూత పెట్టుకొని ఇంటికొచ్చింది. గిన్నెల అన్నం గిన్నెల్నే ఉన్నది. ఆమెను చూసి మామ గూడ తినలే. నేను బువ్వ కలిపి నోటికాడికి తీస్కపోతే నా చెయ్యి పట్టుకొని, "నేను పోస్తనా బిడ్డా నీళ్లు? నువ్వు చెప్పు, నేను పోస్తనా?" అని అడిగింది. మిర్యాలగూడ రైస్‌మిల్లుకెల్లి మా ఆయన శ్రీకాంత్ ఫోన్ చేసి "అమ్మను ఊకో అను, మిషన్లకు అట్ల అయితనే ఉంటది" అన్నడు. ఊకోమంటే ఊకునే మనిషా. నేనన్న, "అత్తమ్మా, మిషనే తప్పు, నేను తీసి చూపిస్త." తెల్వకుండనే ఒట్టు పెట్టినట్టు అన్న.

రెండో పేరు పడ్డది, అంజమ్మ. మూడోది పడ్డది. మధ్యల ఎంత ఖాళీ. ఆ ఖాళీల ఏం జరిగిందో నాకు తెలుసు. అంజమ్మ క్యాన్ మూత బిర్రుగ ఉంటది, ఎవరన్న తియ్యాలె, తీసేటోళ్లు నవ్వుతరు. తీగకు నవ్వులు తెల్వయి గాని, నవ్వినంత సేపు ఖాళీగ ఉండుడు తెలుసు. మా దిక్కు లైను ఊకె తెగుతదని నేనే ఒక చిన్న డబ్బా పెట్టిన, తీగ మీద పోయే ప్రతి మాట దాంట్ల రికార్డయితది, ఎప్పుడు పోయిందో టైంతోటి సహా. మొన్నటి పొద్దు గూడ దాంట్ల ఉన్నది. మూటగట్టి పెట్టుకున్న మాటల్ని అదే వరుసల మళ్ల పంపితే దాన్ని రీప్లే అంటరు. చెప్పనీకి ఇంతే, చేసేకాడ సచ్చినంత పనైంది. సెంటర్ల మూలకు పడున్న ఈ పాత కంప్యూటర్‌ల అసలుదాంట్ల ఉన్న సాఫ్ట్‌వేరే ఎక్కించి, నా లాప్‌టాప్‌కెల్లి తీగ గుంజి పంపిన. లైట్లు మినుకుమన్నయి. లాప్‌టాప్ అన్ని పంపిన, ఒక్కటి మిగలలే అంటుంది. ఇది మాత్రం ఉలకదు పలకదు. తల గోక్కొని గోక్కొని చూస్తే, ఆ మాటల మీదంత అసలు కంప్యూటర్ చిరునామానే ఉన్నది, నాయి కావని ఇది గడపకాడ్నే పడేస్తుంది. చిరునామాలు మార్చిన. అయినా పలకలే. బయట అత్తమ్మ కిటికీ ఊచలు పట్టుకొని "ఏమాయె బిడ్డా" అంటది, "అయితుంది" అంట నేను. అప్పుడు కోదాడకు ఫోన్ చేసిన, జాన్ సారుకు.

జాన్ సారు నాకు ఈ పని నేర్పిన మనిషి. ఆయన గొంతు వింటేనే నాకు సగం గాబరా పోతది. "చిరునామా మార్చారు సరేనమ్మా, కూడిక మార్చారా?" అన్నడు. ప్రతి ముక్కతోటి దాంట్ల అంకెలన్ని కూడి ఒక లెక్క రాసుంటది, లోపల ఒక్క అంకె మారినా ఆ లెక్క తప్పుతది, లెక్క తప్పిన ముక్కను అవతలిది చదవకుండనే పారేస్తది. ఇది నాకు చెప్పలేదా ఆయన, చెప్పిండు, పాఠంల మొదటి వారమే చెప్పిండు, గాబరాల మర్శిన. "మీ అదృష్టం బాగుంది స్రవంతీ, మీ పాల మిషను చెప్పాల్సింది చెప్పేసి ఊరుకునే రకం. అడిగి, జవాబు విని, మళ్లీ మాట్లాడే రకమైతే పాత మాటలు కొత్త జవాబులకు అతకవు, ఎన్నిసార్లు పంపినా ఉపయోగం ఉండేది కాదు" అన్నడు. ఆ కోదాడ గొంతు, ఆంధ్ర కలిసిన గొంతు, ఆ గొంతు వినంగనే పాత వరండా ఒకటి కండ్లల్ల మెదిలింది, సారు క్లాసు ముందర వరండా, దాంట్ల చాప, చాప మీద అత్తమ్మ. ఒడిల నా బిడ్డ. పిల్ల పుట్టినంక నేను నేర్చుకుంట అంటే మా పుట్టింటోళ్లే వద్దన్నరు. మునగాలల మా అమ్మ "పసిపిల్లను పెట్టుకొని ఎందుకే నీకీ పరేషాన్" అన్నది. అత్తమ్మ ఏమనలే. పొద్దుగాలే పాలు పోసొచ్చి, సంచిల పిల్ల బట్టలు, పసుపుపచ్చ మూత పాలసీసా పెట్టుకొని బస్సెక్కింది నాతోటి. నేను లోపల తీగలు చుట్టుడు నేర్చుకుంటుంటే ఆమె బయట పిల్లకు సీసా పట్టుకుంట కూసునేది. దారినపోయేటోళ్లు మనుమరాలా అంటే "ఆ, వీళ్లమ్మ లోపట చదువుతుంది" అనేది, ఆ మాట తలుపు సందులకెల్లి నాకు వినబడేది, ఆ మాట కోసమే నేను ఒక్కనాడు గూడ క్లాసు ఎగ్గొట్టలే. పిల్ల ఏడిస్తే నాకు రొమ్ము తడిసేది, నేను లేవబోతే ఆమె బయటికెల్లి "కూసో, నేనున్న గద" అనేది.

నాలుగో పేరు. దాని మీద చూపు లేదు నాకు, చూడాలె, ప్రతి ఒక్కటి చూడాలె, ఇందాక చూడకనే గదా ఇంత మోసం. కూడికలు సరిజేసినంక కంప్యూటర్ పలికింది, పలకంగనే నాకు కాలు నిలువలే. వేగం ఎంతుంటే అంత పెట్టి వదిలిన. మొన్నటి పొద్దంత కన్నుమూసి తెరిచేలోపట తెర మీద కుప్పపడ్డది. నేను వెతికింది రెండే పేర్లు. రేణుకమ్మ, నీళ్లు లెవ్వు. ఆమె వెనక నిలబడ్డ నాంచారమ్మ, నీళ్లున్నయి. అంతే, "దొరికింది" అని అరిచిన. కార్డు పెట్టిన మాట ఒక ముక్కగ పోతది, పాల లెక్క ఇంకో ముక్కగ పోతది, ఆ ముక్కలు ముందువెనుకలైతే ఒకరి నీళ్లు ఇంకొకరి పేరు మీద పడొచ్చు, నాకు మొదటికెల్లి ఉన్న అనుమానం అదే, అదే నిజమైందనుకున్న. మేనేజర్ సంతోష్ సారు వచ్చి తెర చూసి "శభాష్ మేడం, లైన్ ప్రాబ్లమని ఒక ముక్క రాసియ్యిండి, ఖతం చేద్దాం, మీ అత్తమ్మ రోజు పాలు పోసుకుంటది" అని పోయిండు. సంతోషంగ జాన్ సారుకు మళ్ల ఫోన్ చేసిన. ఆయన అంత విని, "ఏ స్పీడులో నడిపారు?" అన్నడు. చెప్పిన. "మిగతా పేర్లు చూశారా?" అన్నడు. చూసిన. సరోజన ఆవుపాలకు బర్రెపాల చిక్కదనం పడ్డది. అంజమ్మ పేరు మీద అసలు లెక్కనే లేదు. అందరియి అందరి మీద పడ్డయి, నాకు కావల్సిన రెండు మాత్రమే నాకు కనబడ్డయి. "అలా తోసేస్తే ఎవరివైనా కలిసిపోతాయమ్మా" అన్నడు సారు మెల్లగ, తిట్టినట్టు గాదు, నా కొంగు సదిరినట్టు అన్నడు. "ఆ పొద్దున ఎంతసేపు పట్టిందో అంతసేపు పట్టనివ్వండి. అప్పుడు ఏది వస్తే అది నమ్మండి."

ఏది వస్తే అది. అందుకే ఈ గంట. బయట అత్తమ్మ ఇంకో నంబరుకు ఫోన్ చేసినట్టుంది, "ఆ, నాంచారమ్మయే, మా కోడలు కంప్యూటర్ల చూసింది". పోయి ఆపాలె. లేస్తే మధ్యల ఏదన్న పేరు పడి చూడకపోతనేమో. లేవలేక గాదు, ఆ మొఖం చూడలేక లేస్తలేను, నిజం చెప్పుకుంటే. నేను దేనికోసం మొక్కుతున్న? నాంచారమ్మ పాలల్ల నీళ్లుండాలె అని. నాంచారమ్మ నాకేం చేసింది? వరుసకు అత్తమ్మకు వదినె అయితది. నాకు జరమొచ్చి పడుకుంటే మునగాకు పప్పు వండి గిన్నె మీద ఆకు మూసి పంపింది. అత్తమ్మతోటి మాత్రం పొసగదు. సంఘం పెద్దగ ఎవరుండాలె అన్న కాడ మాటామాట వచ్చి, అప్పటిసంది ఇద్దరు ఎదురుపడితే ఒకామె బర్రెను చూస్తది, ఒకామె నెత్తి మీది మొగులును చూస్తది. అట్లని ఆమె పాలల్ల నీళ్లుండాల్నా? పొద్దుగాల చీకటితోటి లేసి బర్రె కాళ్లు కడిగి, పొదుగు కడిగి, చెయ్యి కడుక్కొని పిండే మనిషి. నాకు తెల్వదా. తెలిసి గూడ నా లైటు మినుకుమన్నప్పుడల్ల, నాంచారమ్మా నీది కావాలె, నీది కావాలె అని లోపల ఎవరో అనుకుంటున్నరు, ఆ ఎవరో నేనే.

ఇంకో పేరు, ఇంకోటి. ఇగ వచ్చేది ఆమెనే. లైటు మినుకుమన్నది. రేణుకమ్మ. కార్డు పెట్టింది. నాకు ఆ చెయ్యి కనబడుతుంది, గాజులు మోచేతికి ఎగదోసుకున్న చెయ్యి. లెక్క ఇంకా రాలే. గిన్నెల పాలు పోస్తుంది. మిషన్ గుర్రుమంటుంది. రా, మంచిగ రా. లైటు. పడ్డది.

నీళ్లున్నయి. మొన్న ఎంతన్నదో అంతే. అంకె గూడ మారలే.

నాంచారమ్మ ఇంకా కార్డే పెట్టలే. అంటే కలిసిపోయేందుకు సందు లేదు. ఎంతసేపు, ఎంతసేపు ఈ ఖాళీ, మిగతా వాళ్లందరి నడుమ కంటే ఎక్కువ ఖాళీ ఈడ్నే ఉన్నది, ఎందుకు? ఆ, తెలుసు. తన వంతు అయినంక అత్తమ్మ మిషన్ గిన్నె తుడుస్తది. వందన తుడుస్త అన్నా వినదు, మంచినీళ్లతోటి కడిగి కొంగుతోటి తుడిచి పెడ్తది, వెనకొచ్చేటామె పాలకు తన పాల అడుగు అంటొద్దని. మొన్న అంత మాట పడ్డంక గూడ తుడిచింది. కోపంల గూడ తుడిచింది, నాంచారమ్మ కోసం తుడిచింది. ఆ తుడిచినంత సేపే ఈడ ఖాళీ. ఆ ఖాళీనే నాంచారమ్మ పాలను ఈమె పాలతోటి కలవకుండ కాపాడింది. లైటు మినుకుమన్నది. నాంచారమ్మ, చిక్కటి పాలు, నీళ్లు లెవ్వు, ఇప్పటిదాంక పడ్డ పేర్లల్ల ఈమెయే చిక్కన. నాకు ఏడుపొచ్చింది. మిషన్ అబద్ధమాడలే, తీగ అబద్ధమాడలే. మరి అత్తమ్మ? ఛ. చెయ్యి పట్టుకొని అడిగిన మనిషి. అత్తమ్మ పొయ్యలే. పొయ్యకుండ నీళ్లెట్లొచ్చినయి? పిండినప్పుడు లేని నీళ్లు సెంటర్‌ల ఉన్నయంటే మధ్యలెక్కడ్నో వచ్చినయి. మధ్యల ఏముంటది, మా వాకిలి ఉంటది. పాలు పిండి క్యాన్ అరుగు మీద పెట్టి అత్తమ్మ మొఖం కడగబోతది, తల దువ్వుకుంటది, సెంటర్‌కు పోయేదానికి మంచి చీర కట్టుకుంటది. అరుగు మీద క్యాన్ ఒక్కటే ఉంటది. ఒక్కటే ఉంటదా? మామ ఉంటడు. మా మామ నాగయ్య, గొర్లు తోలుకపోయే ముందు అరుగు మీద కూసొని తలకు రుమాలు చుట్టుకుంటడు.

మొన్న, కాదు, అంతకుముందు దినం, నేను గొర్లదొడ్డి దిక్కు కట్టెలకు పోతే తడక సందుల పసుపుపచ్చ మూత కనబడ్డది. నా బిడ్డ సీసా మూత. అటక మీద ఉండాల్సింది ఈడికెందుకొచ్చిందో అనుకొని, పిల్లలు ఆడుకొని పడేసిన్రేమో అని, కట్టెలు తెచ్చుకున్న. ఒక గొర్రె ఈనినంక చచ్చిపోయింది, రెండు పిల్లలు మిగిలినయి, అత్తమ్మ "తల్లి లేని పిల్లలు బతకయి, ఎవరికన్న ఇచ్చెయ్" అన్నది. మామ తల ఊపిండు. మా మామ తల ఊపితే ఔనని గాదు, విన్న అని. ఆ దొడ్లకెల్లి చిన్నగొంతు రెండు వినబడుతనే ఉన్నయి ఆ తర్వాత గూడ. నేను విన్న, అత్తమ్మ గూడ వినే ఉంటది, ఎవరం అడగలే, గొర్లున్న ఇంట్ల గొర్రెపిల్ల అరుస్తే ఎవరడుగుతరు. అయ్యో మామా. క్యాన్‌ల గీత చూసుకుంటది అత్తమ్మ, తక్కువైతే తెలుస్తది, అందుకని తీసిన కాడికి నింపినవా? నీకు తెల్వదు గదా మామా మిషన్ సంగతి, నువ్వు ఎన్నడు ఆ సెంటర్ గడప ఎక్కలే. నీకు పాలంటే గొర్రె కడుపుల పొయ్యేది, అంతే. అన్నం తినకపోయినప్పుడు నేను ఆమె బాధకు అనుకున్న. నీ బాధ నీదేనా.

తలుపు తోసుకొని సంతోష్ సారు వచ్చిండు. చేతుల కాయితం. "మేడం, అయిపోయిందా? సంతకం చేస్తే నేను పైకి పంపేస్త."

"లేదు సార్. ఇందాకటిది తప్పు. తొందరగ నడిపిన, అందరియి కలిసిపోయినయి. ఇప్పుడు చూడండి. లైను మంచిగుంది, మిషన్ మంచిగుంది."

ఆయన తెర దిక్కు వంగి చూసిండు. చూసి నా దిక్కు చూసిండు. "ఆలోచించండి మేడం. ఇది మీకు నాకు తప్ప ఎవరికి అర్థమైతది? పెద్దామె. ఇడిశిపెడ్దాం." మంచోడే, మంచికే అంటుండు. రాస్తే ఐపాయె. అత్తమ్మ నవ్వు అట్లనే ఉంటది. ఊర్ల మాత్రం నాంచారమ్మ నీళ్లు అట్లనే ఉంటయి, ఎన్నేండ్లయినా ఉంటయి. నేను అన్న, "మా అత్తమ్మకు నేను చెప్పొస్త సార్, జరసేపు ఆగుండ్రి."

బయట ఎండ కొడ్తుంది. సిమెంటు బల్ల మీద అత్తమ్మ టిఫిను డబ్బా విప్పుతుంది, రెండు దినాల తర్వాత ఆకలైనట్టుంది. "రా బిడ్డా, నువ్వు గూడ తిను" అని సగం జొన్నరొట్టె తుంచి చెయ్యి చాచింది. ఆ చెయ్యిని రొట్టెతోటి సహా పట్టుకున్న. "అత్తమ్మా, మిషన్ తప్పు లేదు. నేనే తొందరపడ్డ. నీళ్లు మన క్యాన్‌లనే ఉండె. నాంచారమ్మవి కావు."

ఆమె మొఖంల నవ్వు ఒక్కసారి పోలే, మెల్లమెల్లగ పోయింది. "అంటే నేను కలిపినన్నట్టా?"

"నువ్వు గాదు. నువ్వు పొయ్యలే, నాకు తెలుసు. క్యాన్ అరుగు మీద పెట్టి మొఖం కడగబోతవు గదా..." ఇగ మామ పేరు ఎట్ల ఎత్తాలె అనుకుంటుంటే నేను ఎత్తే పనే పడలే. ఆమె కండ్లు ఎక్కడికో పోయినయి, దొడ్డికాడికే పోయినట్టున్నయి, అక్కడ్నించి తిరిగొచ్చినయి. ఇన్నేండ్లు కాపురం చేసిన మనిషికి రీప్లే అక్కరలేదు. ఫోన్ తీసి నా చేతికిచ్చి "కలుపు" అన్నది. కలిపి, ఇద్దరికి వినబడేటట్టు పెట్టిన. అవతల గొర్ల మెడ గంటలు, గాలి.

"ఏమయ్యా. పాలు తీసినవా?"

"ఒకటి చచ్చేటట్టుండె రేణుకా. సీసాడు సీసాడే తీసిన రోజు. మొన్న రెండు సీసాలు పట్టిన, కండ్లు తేలేసింది అది."

"తీస్తే తీసినవు, నీళ్లెందుకు పోసినవు?"

"తక్కువైతే నువ్వు అడుగుతవని."

"మరి రెండు దినాలసంది నేను తిండి తినకుండ చస్తుంటే నోరు పడిపోయిందా నీకు?"

"చెప్దామనే ఉంటి. నువ్వు మిషన్‌ను తిట్టుడు ఆపితె గదా మధ్యల జొర్రేది." మళ్ల గంటలు. "నేనొచ్చి చెప్తనే సెంటర్ల. నేనే పోసిన అని చెప్త."

అత్తమ్మ తిడ్తదనుకున్న, ఎన్ని బూతులొస్తయో అనుకున్న. "బతికిందా?" అని అడిగింది.

"బతికింది. రెండూ బతికినయి. ఇగో నా కాళ్లల్లనే ఉన్నయి."

ఫోన్ పెట్టేసి, కొంగుతోటి మొఖం తుడుచుకొని, సంతోష్ సారు రూంలకు తానే నడిచిపోయింది, వెనక నేను. "సారూ, నీళ్లు మా ఇంట్లయే. కార్డు మీద పేరు నాదున్నది, తప్పు గూడ నాదే రాసుకో. వారం దినాలు మా క్యాన్ ముట్టకుండ్రి" అన్నది. ఆయన "పెద్దమ్మా, పోనియ్యరాదు" అంటే, "నేను పెట్టిన నియమం నాకు గాదా?" అన్నది. ఆయన చేతుల కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు. వాకిట్లకొచ్చినంక నా దిక్కు తిరిగి, "నువ్వు రాసియ్యకుండ మంచి పని చేసినవు" అన్నది. నా తల మీద చెయ్యి పెట్టి జుట్టు సదిరింది, పెండ్లైన కొత్తల సదిరినట్టు. నాకు చెప్పాలని ఉండె, నేను మంచిదాన్ని గాదు అత్తమ్మా, గంటసేపు నాంచారమ్మ పాడుగావాలని మొక్కిన అని. చెప్పలే. బండి తీసిన, ఆమె వెనక ఎక్కింది, నా నడుము చుట్టు చెయ్యేసి పట్టుకున్నది. సూర్యాపేట దాటినంక దారి పొడుగున నాట్లేసిన పొలాలు, ఎండ తగ్గిన గాలి, వీపుకు ఆమె చెంప ఆనిచ్చినట్టు మాత్రం తెలుస్తుంది. ఏడుస్తుందేమో, నిద్రపోయిందేమో, అద్దంల చూస్తే కండ్లు తెరుచుకొనే ఉన్నది. ఊరి మలుపు కాడ భుజం మీద తట్టి "ఆపు" అన్నది. నాంచారమ్మ ఇల్లు.

నాంచారమ్మ బర్రెకు నీళ్లు పెడ్తుంది. మమ్ముల చూసి గూడ చూడనట్టే ఉన్నది. అత్తమ్మ బండి దిగి చీర కుచ్చిళ్లు సదురుకొని, వాకిట్ల నిలబడి "వదినా" అన్నది. ఆ పిలుపు నేనా ఊరికి కోడలిగ వచ్చిన తర్వాత ఎన్నడు వినలే.

"ఊరందరికి ఫోన్లు చేసి చెప్పినవంట గదా, నా పాలల్ల నీళ్లున్నయని" అన్నది నాంచారమ్మ, బర్రె దిక్కే చూసుకుంట.

"చెప్పిన. అబద్ధం చెప్పిన. మా ఇంట్లయి నీళ్లు, నీ మీద పెట్టిన. నీ పాలే అందరికంటె చిక్కగున్నయి, స్రవంతి చూసింది. ఎవరెవరికి ఫోన్ చేసిన్నో వాళ్లందరికి మళ్ల చేస్త, ఇంటికి గూడ పోయి చెప్త."

"అత్తమ్మ తప్పు లేదు చిన్నమ్మా, నేనే ముందు అరిచిన" అన్న నేను. నాంచారమ్మ నా దిక్కు చూసింది, అత్తమ్మ దిక్కు చూసింది, బకెట్ కింద పెట్టి లోపలికి పోయింది. తలుపు దగ్గరికేసింది. మేం వాకిట్ల నిలబడ్డం. బర్రె మమ్ముల చూసుకుంట నెమరేస్తుంది. పోదాం పా అందామని అత్తమ్మ చెయ్యి పట్టుకుంటే, ఆమె కదలలే. తిట్టించుకునేదానికి వచ్చిన మనిషి తిట్టించుకోకుండ ఎట్ల పోతది. లోపల గిన్నె చప్పుడైంది, పొయ్యి చప్పుడైంది, చాలాసేపు ఇంకేం చప్పుడు లేదు. అప్పుడు తలుపు తెరుచుకున్నది, నాంచారమ్మ మూడు గిలాసలు పట్టుకొని వచ్చి అరుగు మీద పెట్టింది. "కూసో" అన్నది. అత్తమ్మ కూసొని గిలాస ఎత్తి ఒక్క గుక్క తాగింది. తాగి గిలాసలకు చూసింది.

"పల్చగున్నదా?" అన్నది నాంచారమ్మ. "చాయల నీళ్లు పోస్తరే రేణుకా, పాలల్ల పొయ్యరు."

అత్తమ్మకు చాయ్ ముక్కులకు పోయింది. దగ్గుకుంట, నవ్వుకుంట, కండ్లెంబడి నీళ్లు కార్చుకుంట నాంచారమ్మ భుజం పట్టుకున్నది. నాంచారమ్మ ఆమె నెత్తి మీద తట్టుకుంట, "మెల్లగ, మెల్లగ తాగు, ఇంకున్నది లోపల" అన్నది.